ముందే తీర్చుకున్న మొక్కు

పాకాల రైల్వే గేటు దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టే నాగరత్నమ్మ అవ్వకు రెండు గర్వాలు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నడుము దాకా దిగే జుట్టును ముడేస్తే, తల వెనక ఇంకో తల మొలిచినట్టుంటుంది.

రెండింట్లో ముందు చూపుకే దెబ్బ తగిలింది. కుడికన్ను మసకబారితే తిరుపతికి వెళ్లి స్కానింగ్ తీయించారు. కంటి నరాన్ని ఆనుకుని రేగిపండంత గడ్డ ఉంది. కోయనక్కర లేదని, నలువైపుల నుంచీ కిరణాలు పంపి గడ్డ మీదే కలిసేట్టు చేస్తామని, రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు పడుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదట. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే ఆలస్యం చేయకూడదట.

ఆ రోజే టెక్నీషియన్ పాల్ అవ్వ ముడి విప్పించి, వేడినీళ్లలో మెత్తబడిన వలలాంటి ప్లాస్టిక్కును ముఖం మీద పరిచి ముసుగు అచ్చు తీశాడు. తల బియ్యపుగింజంత కూడా కదలకుండా పట్టేది ఆ ముసుగే. జుట్టు కత్తిరించుకోవద్దని చెప్తే అవ్వ బుద్ధిగా తలూపింది. స్వామికి తలనీలాలివ్వడం ఆమె దృష్టిలో కత్తిరించుకోవడం కాదు.

అందరూ కోరిక తీరాక మొక్కు చెల్లిస్తారు. అవ్వ బేరం తెలిసిన మనిషి. ముందే ఇచ్చేస్తే స్వామి మొహమాటపడి పని చేసిపెడతాడనుకుంది. శనివారం కూతురు కోమలి ఇంట్లో లేనప్పుడు పక్కింటి వరదమ్మను తోడు తీసుకుని కొండెక్కింది. సాయంత్రానికి గుండుకు గంధం పూసుకుని నవ్వుతూ దిగింది.

సోమవారం ముసుగు బిగిస్తే లోపల తల అటూ ఇటూ తిరిగింది.

“అవ్వా, జుట్టు యాడికి పోయింది?” అన్నాడు పాల్.

“స్వామికిచ్చినాను నాయనా. నీకూ అడ్డం ఉండదని.”

జుట్టుతో కలిపి తీసిన అచ్చు ఇక పనికిరాదన్నాడు. మళ్లీ అచ్చు, మళ్లీ స్కానింగ్, మళ్లీ కొలతలు. పది రోజులు పడుతుంది.

“సవరం కట్టుకోనొస్తే సరిపోదా?”

పాల్ నవ్వలేదు. కోమలి వెళ్లి డాక్టరమ్మను బతిమాలింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తొందరపెట్టి చేసే పని కాదని నెమ్మదిగా చెప్పింది.

ఆ పది రోజులూ అవ్వ పొద్దున్నే గడప మీద కూర్చుని, ఎడమకన్ను మూసుకుని సూది పట్టుకునేది. మొదటిరోజు సూది బెజ్జం మసగ్గానైనా కనబడింది. నాలుగోరోజు దారం ఆరోసారికి దూరింది. ఎనిమిదోరోజు సూదే కనబడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుండు మీద మొలుస్తున్న గరుకును తడుముకుంటూ, ఇది పెరిగి మళ్లీ ముసుగు పట్టకుండా పోతుందేమోనని మాత్రం గొణిగింది.

కొత్త ముసుగు సరిపోయింది. ఐదు రోజులూ మిషన్ ఆమె చుట్టూ తిరిగింది. నొప్పి లేదు. గోవిందా అందామంటే దవడ కదల్లేదు. గడ్డ ఏమైందని అడిగితే, ఆరు నెలలకు స్కానింగ్‌లో తెలుస్తుందన్నారు.

ఇంటికొచ్చి అవ్వ జాకెట్టు ముందేసుకుంది. ఒంటికంటికి సూది ఎంత దూరంలో ఉందో అందక దారం పక్కనుంచే పోతోంది. నాలుగుసార్లు చూసి సూదిని కోమలి చేతిలో పెట్టింది.

“నువ్వెక్కియ్యి.”

కోమలి ఎక్కించి ఇచ్చింది. అవ్వ గుండు తడుముకుంది.

“ఆయన ముందే తీసుకున్నాడు కదే,” అంది. “ఇంక ఇయ్యాల్సింది ఆయనే.”