ఏమీ లేదని చెప్పిన జ్వరం

చందాపురలో నేను అద్దెకుండే గది మేడ మీద. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ తాతల నాడే వచ్చి ఈ కన్నడసీమలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. నాది గోదావరి వైపు. మొదట్లో ఆమె "ఉండాది" అంటే నేను నవ్వేవాణ్ణి, నేను "ఆయ్" అంటే ఆమె నవ్వేది. ఆవిడని అవ్వా అని పిలుస్తాను. ఒక్కగానొక్క కూతురు యలహంకలో, అంటే ఊరికి ఆ కొసన కాపురం.

మొదటి లాక్‌డౌన్‌లో హోటళ్ళు మూసేశారు. నాకు వండటం రాదు. రెండు రోజులు నూడుల్స్, మూడో రోజు బ్రెడ్డు తిన్నాక ఆవిడకే జాలేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకి మెట్ల మీద క్యారియర్ పెట్టి, గరిటెతో రెయిలింగ్ మీద టంగుమని కొట్టి, తాను కిందికి దిగిపోయేది. రాగిముద్ద, ఆకుకూర ఉడికించి వార్చిన నీళ్ళతో కాచే బస్సారు. ఆకుకూర బయట నుంచి వచ్చిందంటే చాలు ఆవిడకి అనుమానం. ఉప్పు నీళ్ళలో, పసుపు నీళ్ళలో కడిగి, వండి, ముందు తాను తిని, గంటసేపు ఆగేది. ఆ తర్వాతే నాకు.

"నేను తిని గంటాయెనప్పా. ఏమీ కాలేదు. తిను" అని కింద నుంచి అరిచేది.

అలా ఎంతకాలం తిన్నానో లెక్క లేదు. నా తల్లి కూడా నాకోసం అలా ముందు రుచి చూసి, ఆగి, చూసి పెట్టలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజుల్లో ఆ టంగుమనే చప్పుడు కోసం ఆఫీసు మీటింగుల్లో చెవి అటే పడేసి కూర్చునేవాణ్ణి.

టీకాలు వచ్చాక పెద్దవాళ్ళకి ముందు వేశారు. అవ్వ వెళ్ళలేదు. యలహంకలో కూతురి వీధిలో ఒకాయన టీకా వేసుకున్న వారానికి పోయారట. ఆయన దేనివల్ల పోయారో ఎవరికీ తెలియదు. కానీ కూతురు రోజూ ఫోన్ చేసి వద్దని ఏడ్చేది. వీడియోలు పంపేది. నాకు ఒళ్ళు మండేది. రెండో విడత జబ్బు వచ్చి అంబులెన్సులు మా రోడ్డు మీద ఆగకుండా తిరుగుతుంటే, ఈవిడ టీకా లేకుండా కూర్చోవడం నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు. వాదించాను. కోప్పడ్డాను. ఒకరోజు బతిమాలాను.

"సరేప్పా. ఈ తూరి నువ్వు మొదలు ఏసుకో. నీకెట్లుండాదో చెప్పు. మల్ల నేను ఏసుకుంటా" అంది.

నా వయసు వాళ్ళ వంతు వచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసులోనే వేశారు. సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంది. చెయ్యి ఎత్తలేను. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటకలాడాయి. ఇది మామూలే, రెండు రోజుల్లో తగ్గుతుందని ఆఫీసు నర్సు ముందే చెప్పింది.

"ఎట్లుండావప్పా?" కింద నుంచి కేక.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ ఏ లోపం కనబడినా, చిన్నదైనా సరే, దాచకుండా రాసి పంపినందుకే నాకు జీతం ఇస్తారు. ఆ ఒక్కసారి దాచాను. కిటికీ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, "బ్రహ్మాండంగా ఉన్నానవ్వా! చీమ కుట్టినట్టు కూడా లేదు!" అని అరిచాను. జ్వరం అంటే ఇక రాదని భయం. మీటింగులని చెప్పి రెండు రోజులు తలుపు తీయలేదు.

తగ్గాక ఆమెను స్కూటర్ మీద ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ జనం. నర్సు మాస్కు లోంచి ఏదో చెప్పి బిళ్ళలు ఇచ్చింది. ఆమెకి వినబడలేదు. నేను విన్నాను, జ్వరం వస్తే వేసుకోమని. "ఏమంటాది?" అని అడిగింది. "ఏం లేదవ్వా, అందరికీ చెప్పేదే" అని బిళ్ళలు నా జేబులో వేసుకున్నాను. అవసరమైతే ఇద్దామనుకున్నాను. అంత తెలివి నాది.

మర్నాడు ఒంటిగంటకి చప్పుడు లేదు. ఒంటిన్నరకీ లేదు. రెండుకి కిందికి పరిగెత్తాను. తలుపు ఊరికే చేరవేసి ఉంది.

అవ్వ మంచం మీద పడుకుని ఉంది. తల దువ్వుకుంది. పెట్టెలో దాచుకునే పట్టుచీర కట్టుకుంది. దిండు పక్కన ఇంటి కాగితాలు. నుదురు కాలిపోతోంది.

"నన్నెందుకు పిలవలేదవ్వా?"

"నీకేమీ కాలేదు కదప్పా. నాకే అయింది. నాకది పడలేదు, ఇంక అయిపోయిందనుకుంటిని. పిలిస్తే నీ వల్లే అయిందని బాధపడతావు." దిండు పక్కన కాగితాలు తడిమింది. "నా బిడ్డకి పొద్దున్నే ఫోన్ చేసినా, జరమని చెప్పలేదు. నేనే ఆశపడి ఏయించుకున్నా, ఆ పిల్లోన్ని ఒక్క మాట అనద్దు అని చెప్పినా."

ఉదయం నుంచీ ఆమె ఒంటరిగా చావుకి సిద్ధపడుతూ, నా మీదికి మాట రాకుండా చూసుకుంటోంది. నేను పైన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. మంచం పక్కన కూలబడి ఏడ్చాను. చెప్పేశాను. నాకూ జ్వరం వచ్చిందని, వణికానని, అబద్ధం చెప్పానని, బిళ్ళలు నా జేబులోనే ఉన్నాయని.

తిడుతుందనుకున్నాను.

"రెండు దినాలు జరమా? మల్ల గంజి ఎవరు కాచిచ్చిరి నీకు?"

బిళ్ళ వేశాను. కూతురికి ఫోన్ చేసి మొత్తం నా నోటితోనే చెప్పాను. ఆవిడ మాత్రం నన్ను చెడామడా తిట్టింది. వినాల్సిన తిట్లే. నాకు వచ్చినా రాకపోయినా గంజి కాచాను, గడ్డలు కట్టింది. అవ్వ గడ్డలు పక్కకి తీసుకుంటూ తాగింది. మూడో రోజుకి లేచి తిరిగింది.

కొన్నేళ్ళు గడిచాయి. మొన్నీమధ్య మళ్ళీ టీవీలో ఆ టీకాల వల్ల కొందరికి, చాలా అరుదుగా, రక్తం గడ్డకట్టిందని చర్చ నడిచింది. కూతురు మళ్ళీ ఫోన్. అవ్వ మెట్లు ఎక్కి నా గదికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఈ మధ్య పైకి ఎక్కడం మానేసింది.

"మనకేమన్నా అయితాదా అప్పా?"

ఏం కాదని నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"నేను చదివినంతలో, వచ్చేవాళ్ళకి వేసుకున్న కొన్ని వారాల్లోనే వచ్చిందట. మనకి ఏళ్ళు దాటింది. అయినా నేను డాక్టర్ని కాదవ్వా, నాకంతా తెలీదు. చదువుతుంటే నాకూ కొంచెం గుబులేసింది. రేపు డాక్టరు దగ్గరికి పోయి అడుగుదాం."

ఆవిడ నా మంచం మీద కూర్చుని మోకాళ్ళు చాపుకుంది.

"ఇట్ల చెప్పు. ఇట్ల చెప్తే భయమైనా ఇద్దరం కూచ్చోని పడొచ్చు" అంది.