బాజీ బాబాయి కొట్లో పెన్సిల్ రాతలు

మా చిన్నప్పుడు గుణదలలో బాజీ బాబాయి అద్దె పుస్తకాల కొట్టుకి వెళ్తే ముందు చేతులు చూపించాలి... అరచేతులు, ఆ తర్వాత తిప్పి గోళ్ళు. నూనె జిడ్డు కనబడిందా, "పోయి కడుక్కుని రామ్మా" అని వెనక్కి పంపేసేవాడు. జంతికలు తిని గౌనుకి తుడుచుకుని వెళ్ళి ఎన్నిసార్లు దొరికిపోయానో!

మాది మైలవరం. చదువు బాగుంటుందని తొమ్మిదేళ్ళకే నన్ను గుణదలలో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ మంచిదే. కానీ వాళ్ళ పిల్లలు కాలేజీకి వెళ్ళేవాళ్ళు, నాతో వాళ్ళకేం పని? బళ్ళో అందరికీ అప్పటికే జట్లు కుదిరిపోయాయి. నిజం చెప్తున్నా, కొన్ని రోజులు హాజరు పలకడానికి తప్ప నోరే విప్పేదాన్ని కాదు...

అందుకే కామిక్స్. "ఆడపిల్లకి ఈ కొట్లాట బొమ్మలేంటే" అని పెద్దమ్మ సణుగుతూనే ఉండేది. నేను వసారాలో ముక్కాలిపీట మీద కూర్చుని చదువుతూనే ఉండేదాన్ని. ముసుగేసుకుని మేడల మీంచి దూకేవాడొకడు, ఒంటి చేత్తో రైలు ఆపేవాడొకడు... అచ్చు ఎంత నాసిరకమంటే, ఎర్రరంగు గీత దాటి పక్కకి జరిగిపోయి వీరుడికి నాలుగు పెదాలు కనబడేవి. అయినా సరే, చివరి పేజీలో గెలిచి తీరేవాడు. నాకు కావలసింది ఆ ధీమానే.

ఒకరోజు, వీరుడు వంతెన మీంచి పడిపోతున్న బొమ్మ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు... "ఇక్కడ నాకు భయమేసింది."

చుట్టూ చూసి, కింద "నాక్కూడా" అని రాసి పుస్తకం ఇచ్చేశా. వారం తర్వాత మళ్ళీ అదే పుస్తకం తెచ్చుకుంటే "నువ్వెవరు?" అని ఉంది. అబ్బ, ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి!

"ముందు నువ్వు చెప్పు" అని రాశా. "వద్దులే. ముసుగులు తియ్యొద్దు" అని జవాబొచ్చింది. అదే మా ఒప్పందం. అబ్బాయో అమ్మాయో కూడా తెలీదు. ఒక పుస్తకం నిండితే చివర్లో "ఈసారి పచ్చ అట్టది తీసుకో" అని గుర్తు రాసుకునేవాళ్ళం.

"అమ్మ గుర్తొస్తోంది" అని రాశానొకసారి.

"రైలాయన్ని పంపిస్తా, తీసుకొస్తాడు."

"మా ఊరికి రైలు లేదు."

"అయితే బస్సు లాగమంటాలే."

వసారాలో ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే పెద్దమ్మ వచ్చి నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

అలా ఏడు పుస్తకాలు... ఏడో దాంట్లో, విలన్ వికటాట్టహాసం చేస్తున్న పేజీలో ఇలా ఉంది. "వచ్చే నెల మేం ఊరు మారిపోతున్నాం. నన్ను గుర్తుపెట్టుకుంటావా?"

జవాబు రాస్తే సరిపోయేది కదా... రాయలేదు. ఒక్కసారైనా మొహం చూడాలనిపించింది. ఒప్పందం మర్చిపోయి, చేతులు కూడా కడుక్కోకుండా కొట్టుకి పరిగెత్తాను.

"బాబాయ్, నాకంటే ముందు ఈ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎందుకమ్మా?" అంటూ ఆయన పుస్తకం తీసుకుని తిరగేశాడు. అంతే, దొరికిపోయాం. "అయ్యయ్యో... ఇదేంటమ్మా, పుస్తకమనుకున్నారా, పలకనుకున్నారా? ఇట్టా గీకేస్తే మిగతా పిల్లలెవరు తీసుకుంటారు? ఇంకా ఎన్నిట్లో రాశారు?"

అబద్ధం చెప్పడం చేతకాలేదు. ఏడూ చూపించాను. ఆయన సొరుగులోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడు. "ఆ రాసిన వాళ్ళెవరో నాకేం తెలుసు, రోజూ ఎంతమంది వస్తారో! నువ్వు చెరిపెయ్, అన్నీ."

కొట్టు మెట్టు మీద కూర్చుని చెరిపాను. నా రాతలూ, ఆ గుండ్రటి రాతలూ. బస్సూ పోయింది, భయమూ పోయింది. కనీసం ఆ చివరి ప్రశ్న ఒక్కటైనా ఉంచమని అడగలేక అదీ చెరిపేశాను. మాట్లాడటం అప్పటికే అలవాటు తప్పింది కదా... బాబాయి తప్పేం లేదు. బతుకుతెరువు ఆయనకి.

రెండు రోజులకి ఆ ఏడో పుస్తకం ఎవరో తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక పేజీ పేజీ వెతికాను. తెల్లగా ఉంది. మళ్ళీ రాద్దామంటే, బాబాయి పుస్తకం తీసుకునేటప్పుడు ప్రతి పేజీ తిప్పి చూసేవాడు. భయపడ్డాను. తర్వాత ఎవరూ ఎక్కడా ఏమీ రాయలేదు.

ఇప్పుడు ఆ కొట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను మాత్రం కామిక్స్ మానలేదు, నలభై దాటినా సరే. ఫోన్‌లో చదువుతాను, ఫ్లాట్‌లో ఒక్కదాన్నే. ఇప్పటి బొమ్మలు అద్భుతం, రంగు గీత దాటదు. ఇప్పటి వీరులు ఏడుస్తారు, ఓడిపోతారు, మూడు పేజీలు మాట్లాడకుండా వానలో కూర్చుంటారు. అది నాకు నచ్చింది సుమా, మనలాంటి వాళ్ళే అనిపిస్తుంది. చచ్చిపోయిన వాడు నాలుగు సంచికల తర్వాత లేచొస్తాడు, అది మాత్రం నాకు చిరాకు. పోయినవాళ్ళు అంత తేలిగ్గా తిరిగొస్తారా ఎక్కడన్నా! కథ కింద వందల కామెంట్లుంటాయి. చదువుతాను... ఏ ఒక్కటీ నాకు రాసింది కాదు.

మీలో ఎవరైనా చిన్నప్పుడు గుణదలలో అద్దె పుస్తకాలు చదివారా? వంతెన బొమ్మ పక్కన "ఇక్కడ నాకు భయమేసింది" అని రాసింది మీరేనా? తెల్ల పేజీలు చూసి నేనే కావాలని చెరిపేశాననుకున్నారేమో... చెరిపింది నేనే. కావాలని కాదు.

ముసుగు తియ్యక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. మీరడిగినదానికి ఆ రోజు రాయాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను, చాలు.

గుర్తుపెట్టుకున్నాను.