ఇద్దరికి సరిపడే టీపాట్

మా ఇంట్లో టీ గిన్నెలో కాగేది. వచ్చినవాళ్లని లెక్కపెట్టి నీళ్లు పోయడం మా వైపు పిసినారితనం. నలుగురుంటే ఆరుగురికి పెట్టేవాళ్లు. మిగిలింది పొయ్యి మీదే ఉండేది, ఆలస్యంగా వచ్చినవాడికి వేడిచేసి పోసేవాళ్లు. దుబాయ్‌లో కాపురం పెట్టినప్పుడు నేను మూటకట్టుకుని తెచ్చుకున్నది ఆ అలవాటే.

అల్ కుసైస్‌లో మాది ఒక బెడ్‌రూం ఫ్లాట్. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టుపక్కల లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్లంతా మా ఇంటికి వచ్చేవాళ్లు. శుక్రవారంతో మొదలై మిగతా సాయంత్రాలు కూడా అలాగే అయ్యాయి. ఊరుకాని ఊర్లో పదిమందికి తలుపు తెరిచిన మనిషినని నాకు లోపల గర్వంగా ఉండేది. తలుపు తెరిచేది నేనే. వంటింట్లో నిలబడేది మాత్రం మా ఆవిడ.

ఆమె బర్ దుబాయ్‌లో ఒక జపాన్ వాళ్ల వ్యాపార ఆఫీసులో అకౌంట్స్ చూసేది. అక్కడి పెద్ద మేనేజరు, తల పూర్తిగా నెరిసినాయన, రోజూ సాయంత్రం నాలుగింటికి తనే చిన్న మట్టి టీపాట్‌లో గ్రీన్ టీ చేసి ఆమెకూ, ఇంకో ఉద్యోగినికీ పోసి, తనూ కూర్చునేవాడట.

"టీ అయ్యేదాకా ఎవరూ ఫోనెత్తరండీ. మోగినా సరే," అంది ఒకసారి. కొన్నాళ్లకి మళ్లీ అంది, "మనం కూడా అలాంటిది ఒకటి కొనుక్కుందామా? సాయంత్రం ఒక అరగంట మనిద్దరం కూర్చోవచ్చు."

ఆమె ఏదైనా అడగడం అరుదు. దానికేం భాగ్యం అన్నాను. ఆమె అడిగింది అరగంట అనీ, నేను ఒప్పుకున్నది టీపాట్‌కనీ నాకప్పుడు తట్టలేదు.

కరామాలో జపాన్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్లాం. ఒక అరలో గోధుమరంగు మట్టి పాట్‌లు వరసగా ఉన్నాయి. లోపలా బయటా పూత లేని మట్టి. పిడి మన కెటిల్‌కున్నట్టు వెనకవైపు కాకుండా గరిటె కాడలా పక్కకి పొడుచుకొచ్చి ఉంది. ఆమె చిన్నవాటిలో ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. బత్తాయిపండు కంటే కాస్త పెద్దది, అంతే.

షాపులో పనిచేసే మలయాళీ ఎంతమందికని అడిగాడు, "కిత్నే లోగ్ హై, సార్?"

"దో," అంది ఆమె.

"ఆఠ్," అని ఎనిమిదిమందికి అడిగాను నేను.

అతను మా ఇద్దరి మొహాలూ చూసి, ముందు మీరూ మీరూ తేల్చుకోండి అన్నట్టు పక్కకి జరిగాడు.

"ఇది మన పిల్లలాడుకునే లక్కపిడతలా ఉంది. ఎవరికి సరిపోతుంది?" అన్నాను.

"మనిద్దరికి."

"మన ఇంట్లో ఇద్దరం ఎప్పుడున్నాం?"

"నేను చెప్పేదీ అదే కదండీ."

నాకు నవ్వొచ్చింది. అది మాటకి మాట అనుకున్నాను. పై అరలో ఉన్న పెద్ద పాట్ దింపించి బిల్లు వేయించాను. దారిలో ఆమె ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నా ఉద్యోగం ఏసీల కంపెనీలో. ఏ గదికి ఎంత మిషను కావాలో లెక్కకట్టేవాణ్ణి. చిన్న గదికి పెద్ద మిషను పెడితే గది తొందరగా చల్లబడి మిషను ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం పోదు. మనిషికి చలేస్తుంది, ఒళ్లు జిగట వదలదు. కొనే పార్టీలకి ఈ సంగతి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. అంత తెలిసినవాణ్ణి, నా ఇంట్లోకి పెద్దదే తెచ్చాను.

ఆ శుక్రవారం హాలు నిండిపోయింది. అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో ఫ్యాక్టరీలో పనిచేసే కడప సాయిబొకడు నాకు తమ్ముడిలాంటివాడు, షేర్ టాక్సీలో అంత దూరం నుంచి వచ్చేవాడు. కొత్త పాట్‌ని అందరికీ చూపించి, మా ఆవిడ చేత గ్రీన్ టీ చేయించాను. ఒక్కొక్కరూ ఒక గుక్క తాగి ఆగారు.

"ఏందన్నా ఇది, గడ్డి నానబెట్టినారా?" అన్నాడు కడపవాడు. "మాకు జొరమొచ్చిందనుకున్యాదేమో వదినె, కషాయం పెట్టింది."

అందరూ నవ్వారు. నా పరువు పోయినట్టనిపించింది. "మామూలు టీ కాచి, అందులోనే పోసి తీసుకురా," అన్నాను లోపలికి వినబడేలా.

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి మెల్లిగా అంది, "దాంట్లో పాలు పోయకూడదంటండీ. మట్టి పీల్చుకుంటుంది."

"కడిగితే పోతుందిలే."

ఆమె కదల్లేదు. నేనే వెళ్లి యాలకులేసి కాచిన పాల టీని, పొడితో సహా, గిన్నెలోంచి అందులో వంపేశాను. హాల్లోకి తెచ్చి కప్పులో పోయబోతే రాలేదు. ముక్కు లోపల సన్న బెజ్జాల జల్లెడ ఉంటుంది, మన టీపొడి దానికి అడ్డం పడింది. ఇంకా వంచాను. నిండిన పాట్ బరువు ఒంటి పిడి మీద పడి మణికట్టు తిరిగింది, మూత జారి తివాచీ మీద పడింది, వెనకాలే టీ.

"యల్లా, కానియ్ అన్నా, గిన్నెతోనే పోయ్‌రాదా," అన్నాడు కడపవాడు. మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆమె తివాచీ తుడిచింది.

తర్వాత చాలా రోజులు ఆ పాట్‌ని వేడినీళ్లతో కడిగి, బాల్కనీలో ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఒక సాయంత్రం అందులో గ్రీన్ టీ చేసి కప్పు నా ముందుకి జరిపింది. పచ్చటి టీలోంచి విరిగిన పాల వాసన వచ్చింది. నేనేదో అనబోయాను.

"ఖలాస్," అంది. ఆ మాట నా నోట్లోంచే తప్ప ఆమె నోట అంతకుముందు వినలేదు. మర్నాటికి పాట్‌లో మట్టి నింపి పుదీనా కాడలు గుచ్చింది.

ఆ తర్వాత ఆమె అరగంట మాటెత్తలేదు. నేను హాయిగా మరిచిపోయాను. అంతకంటే నీచమైన పని ఒకటి చేశాను. ఎవరైనా వస్తామంటే నాకు విసుగ్గా ఉన్న రోజున, "మీ వదిన ఒంట్లో బాగాలేదంటోంది రా" అని ఫోన్లో చెప్పేసేవాణ్ణి. రమ్మనడం నా మంచితనం, వద్దనడం ఆమె గుణం. మనవాళ్లలో ఆమెకి మనుషులు గిట్టరన్న పేరు వచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో నాకొక్కడికే తెలుసు.

ఒకరోజు బర్ దుబాయ్‌లోనే సైటు పని త్వరగా అయిపోయి, ఆమెని తీసుకెళ్దామని ఆఫీసుకి వెళ్లాను. అద్దం తలుపు అవతల చిన్న బల్ల చుట్టూ ముగ్గురూ ఉన్నారు. ఆ రోజు టీ పోస్తున్నది మా ఆవిడ. ఒక్కో కప్పులో కొంచెం కొంచెం పోసి, మళ్లీ వెనక్కి వస్తూ ఇంకొంచెం పోసి, చివర పాట్‌ని రెండుసార్లు విదిలించింది. తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, మధ్యలో సైకిలు తొక్కుతున్నట్టు పిడికిళ్లు పట్టి మరీ చెబుతోంది. పెద్దాయన కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె చేతులు ఆడించి మాట్లాడగా నేను చూడలేదు. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసి, కప్పులు ఖాళీ అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను.

బస్సులో అడిగాను, "ఏం చెబుతున్నావు వాళ్లకి?"

"చిన్నప్పటి సంగతి. మా నాన్న నాకు సైకిల్ నేర్పబోయి తనే కాలవలో పడిపోయాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"రెండు మూడుసార్లు మొదలుపెట్టాను. ఎవరో ఒకరు బెల్లు కొట్టేవాళ్లు." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది.

మాట మార్చి, చివర పాట్‌ని ఎందుకు విదిలించావని అడిగాను.

"చుక్క మిగలకూడదండీ. మిగిలితే ఆకు అందులోనే నాని చేదెక్కుతుంది. రెండోసారి పోసిన నీళ్లు కూడా పాడవుతాయి. అందుకే కూర్చున్నవాళ్లకి సరిపోయేదే కొనుక్కోవాలి. ఇంకొకరొస్తే మళ్లీ నీళ్లు పోసుకోవచ్చు. పెద్దది అక్కర్లేదు."

ఆ వారంలోనే, ఇంట్లో మేం తాగే గాజు కప్పులు రెండు జేబురుమాలులో చుట్టుకుని కరామా షాపుకి వెళ్లాను. అదే మలయాళీ. నన్ను గుర్తుపట్టాడు.

"ఈ సారి ఎంతమంది?" అన్నాడు హిందీలో, పెద్ద పాట్‌ల వైపు చెయ్యెత్తుతూ.

"దో."

చెయ్యి దించాడు. కప్పులు బల్ల మీద పెట్టి నీళ్లడిగాను. ఒక పాట్ నింపి పోస్తే రెండో కప్పు సగంలో ఆగింది. ఇంకొకటి పోస్తే రెండు కప్పులూ నిండాక కూడా పాట్‌లో నీళ్లు కదిలాయి. మధ్యది రెంటినీ నింపి, విదిలిస్తే ఆఖరి చుక్క రాలింది. అదే మొదట ఆమె అరచేతిలో పెట్టుకుని చూసిన సైజు.

కొనడం తేలిక. గురువారం కడపవాడికి ఫోన్ చేయడానికి మాత్రం నేను రెండు సిగరెట్లు కాల్చాల్సి వచ్చింది.

"రేపు ఐదు దాటాక రారా. అందరికీ చెప్పు."

"ఏందన్నా, వదినె బంద్ పెట్టిందా?" అని నవ్వాడు.

అవునంటే అయిపోయేది. "ఆమె కాదు, నేనే," అన్నాను. "ఇంతకుముందు రావద్దన్నప్పుడు కూడా నేనే. మీ వదిన ఎప్పుడూ వద్దనలేదు."

"సరేలేన్నా," అన్నాడు.

శుక్రవారం నాలుగింటికి టీ నేనే చేశాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని పాట్ వైపు, నా వైపు చూసింది. కప్పుల్లో పోశానో లేదో బెల్లు మోగింది. తలుపు తీస్తే కడపవాడు, చొక్కా చెమటకి వీపుకంటుకుని ఉంది. టాక్సీ తొందరగా దొరికిందట. ఆ ఎండలో అంత దూరం నుంచి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రారా అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

వాడు నా భుజం మీదుగా బల్ల వైపు చూశాడు. "కప్పులు రెండే ఉండాయే. నేను కింద కెఫెటేరియాలో సులేమానీ చాయ్ తాగుతుంటాలే," అని మెట్ల వైపు తిరిగాడు. "అయినాక పిలుచన్నా."

తిరిగొచ్చేసరికి నా కప్పు మీద సాసరు బోర్లించి ఉంది. ఆమె కప్పులోనూ టీ అలాగే ఉంది. ఇద్దరం ఒకేసారి తాగాం.

"నీళ్లు మరీ మరిగించారు. చేదొచ్చింది," అంది. "రేపు కాస్త చల్లారాక పోయండి."

తర్వాత పాట్‌ని నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ నీళ్లు పోసి, ఆగి, రెండు కప్పుల్లోకీ అటూ ఇటూగా వంచి, విదిలించింది. కాలవ సంగతి అప్పుడు చెప్పింది, చేతులు ఆడిస్తూ.

నేను కిందికి దిగేసరికి ఐదు దాటిపోయింది. కడపవాడు రెండో సులేమానీ కూడా ముగించి, ఖాళీ గ్లాసు బల్ల మీద దొర్లిస్తున్నాడు.

"వదినె ఏమన్యాదన్నా?"

"నిన్ను తీసుకురమ్మంది. నీకు గిన్నెలో టీ పెడుతోంది."