చేతులు ఖాళీగా ఉండే గంట

నేను ఇంతకు ముందే రాయలేకపోవడానికి కారణం గోగునార. మా ఊళ్ళో బడి జోరుగా నడిచే రోజుల్లోనే గోగు కోతకు వచ్చేది. కోసిన కట్టెలు గెడ్డలో నానేసి, అవి కుళ్ళాక నడుం లోతు నీళ్ళలో నిలబడి నార వలిచేవాళ్ళం. ఆ వాసన నెల రోజులు చేతుల్ని వదిలేది కాదు. వేళ్ళు ఉబ్బి తోలు తెల్లగా ఊడేది. ఒక ఏడు నన్నూ బడిలో కూర్చోబెట్టారు. బలపం పట్టుకుంటే జారిపోయేది. చేతులు మానాక రమ్మన్నారు మాస్టారు. చేతులు మానేసరికి మినుముల పని వచ్చింది. పలక మా తమ్ముడికి ఇచ్చేశారు.

ఆ మాట తలచుకుని బాధపడను. తమ్ముడు చదువుకున్నాడు, కూతుర్ని టీచరు చదువు చదివించాడు, ఆ పిల్లను నా కొడుక్కే ఇచ్చాడు. యాభై నాలుగో ఏట నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే, నా కోడలు. నేర్పింది ఇంట్లో కాదు. రాజాంలో ఎక్కి పొందూరు దాటాక దిగే బస్సులో.

పొందూరు అవతల ఒక పల్లె హైస్కూల్లో ఆమె ఉద్యోగం. కాన్పు సెలవు అయిపోయి మళ్ళీ బడికి వెళ్ళే నాటికి నా మనవరాలికి ఆరో నెల. పాలు తాగే పిల్లను ఇంట్లో వదిలే వీలు లేదు. అందుకని నేనూ వెంట బయలుదేరాను. ఆమె పాఠం చెబుతుంటే నేను వరండాలో పిల్లను ఆడించాలి, ఇంటర్వెల్లు కొట్టగానే పాలకు అందించాలి. మా వైపు టీచరమ్మల వెనుక ఇలా ఒక తల్లో అత్తో రోజూ బస్సెక్కడం కొత్త కాదు.

బస్సు ఆగగానే ముందు నా తువ్వాలు కిటికీలోంచి సీటు మీద పడేది. అది నా పని. పిల్లను ఎత్తుకుని, భుజాన సంచీ వేసుకుని కోడలు ఎక్కేసరికి సీటు ఉండాలి. మొదటి రోజుల్లో, కుదురుగా కూర్చున్నాక ఆమె ఊరికే ఉండలేక, సీటు పైన ఎర్రరంగుతో రాసిన మాట చూపించి అడిగింది.

"అత్తా, అదేటో తెలుసా నీకు?"

"ఆడోళ్ళ సీటని తెలుసు. ఎలగ రాసారో తెల్దు."

నా చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో రాసింది. స్త్రీలు. నా మొదటి మాటే మూడంతస్తుల మేడ. ఆ తరువాతే ఆమె నన్ను అ ఆల దగ్గరికి దింపింది. మా బస్సు కుదుపులకు పలక మీద గీత నిలిచేది కాదు. అందుకని అరచేతిలోనే రాసేది, నేను తిరిగి ఆమె అరచేతిలో రాయాలి. తప్పు రాస్తే చెయ్యి మూసేసేది. రాత్రి గిన్నెలు తోమాక ఆ రోజు అరచేతిలో నేర్చుకున్నవి పాత నోటుబుక్కులో రాసి పెట్టుకునేదాన్ని.

బస్సు నెమ్మదిగా పోయేది, ప్రతి ఊళ్ళో ఆగేది. దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు మూటలు ఎక్కించుకునే లోపల నేను ఆ ఊరి బోర్డు కూడబలుక్కునేదాన్ని. ఒక రోజు సగం, మర్నాడు మిగతా సగం. పొం, దూ, రు అని గట్టిగా చదివిన రోజు కండక్టరమ్మ నవ్వింది. ఆమె మంచి మనిషి. కోడలు పరుగున వస్తూ కనబడితే డ్రైవరుతో, "రెండు నిమిషాలాగితే ఏటైపోతాది, పిల్లతల్లి వస్తంది" అనేది. నేను టికెట్టు కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే, "ఏటమ్మా, నా టికెట్టులో తప్పులెతుకుతున్నావా?" అనేది.

ఒకసారి నేను తువ్వాలు వేసేలోపే చొక్కా ఇస్త్రీ చేసుకున్న మగమనిషి ఒకాయన మా సీట్లో కూర్చున్నాడు. లెమ్మంటే, బస్సు అందరిదీ అన్నాడు.

"సదువుకున్నోడిలాగున్నావు నాయనా. మీద ఏటి రాసుందో సూడు" అన్నాను.

"నీకొచ్చేటి సదవడం?"

"అదొక్కటొచ్చు. సదివీమంటావా?"

బస్సంతా నవ్వితే ఆయన లేచిపోయాడు. కోడలు పిల్ల తల మీదుగా నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకు ఆ రోజు జ్వరం కూడా.

ఆ పిల్ల ఓర్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. వంట, క్యారేజీలు, పిల్లకు స్నానం, మళ్ళీ బస్సుకు పరుగు. ఆ బస్సు తప్పితే తరువాతది ఆలస్యం. ఆలస్యమైతే హాజరు పుస్తకంలో ఎర్రగీత. కాన్పు ఆపరేషను అయిన నడుము, ఆ కుదుపులకు ఎంత నొప్పి పెట్టేదో. అయినా సీట్లో కూర్చోగానే చెయ్యి చాపేది. "ఈ రోజు వద్దత్తా" అని ఒక్కనాడూ అనలేదు. ఒక్కొక్కసారి నా అరచేతిలో అక్షరం సగంలో ఆగిపోయేది. చూస్తే కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. ఉలిక్కిపడి మిగతా సగం పూర్తి చేసేది.

నాకు గుణింతాలు పూర్తయి వత్తుల్లో పడిన రోజుల్లో నా కొడుకు కారు మాట ఎత్తాడు. రాజాంలో వాడికి ఎరువుల కొట్టు ఉంది. స్నేహితుడొకడు తన పాత కారు అమ్ముతున్నాడట, వారం రోజులు నడిపి చూసి చెప్పమన్నాడట. వరండాలో కూర్చుని భార్యకు లెక్క చెప్పాడు. ఒక పక్క బస్సు టికెట్లు, ఇంకో పక్క డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు. ఎటు చూసినా కారుదే బరువు.

"కొన్న రోజుతో అయిపోదు. నెల నెలా తింటాది" అన్నాడు వాడే.

"గేది తింటే పాలిస్తాది. ఇదేటిస్తాది?" అన్నాను నేను.

"టైమిస్తాదమ్మా. బస్సుకి గంటన్నర పైన. కారుకి గంట కూడా పట్టదు. దీనికి నడుం నొప్పి, పిల్లకి ఆ దుమ్ముకి దగ్గు. అవేటి డబ్బుల్లో లెక్కేస్తామా?"

వాడు అన్నది నిజమే. నేను గేదె మాట ఎందుకు అన్నానో నాకే తెలుసు. కారు వస్తే బస్సు పోతుంది, బస్సుతో నా చదువు పోతుంది. ఇంటికొస్తే ఆమెకు ఊపిరాడదు. వత్తులు రాకుండా చదువు మధ్యలో ఆగితే నేను మళ్ళీ గెడ్డలోకి దిగినట్టే. కాని ఈ మాట ఏ ముఖంతో చెప్పను? నీ నడుము నొప్పి పెట్టినా సరే నాకు అక్షరాలు చెప్పు అనగలనా?

వారం రోజులు కారులో వెళ్ళాం. కొడుకు పొద్దున్న దింపి వచ్చి కొట్టు తీసేవాడు, సాయంత్రం కొట్టు కట్టేసి మళ్ళీ వచ్చేవాడు. కారు చల్లగా, మెత్తగా ఉంది. బోర్డులు మాత్రం నాకు అందలేదు. మొదటి అక్షరం పట్టుకునేలోపు ఊరు దాటిపోయేది. రెండో రోజు చెయ్యి చాపబోయి పక్కకు చూస్తే, కోడలు నిద్రపోతోంది. పిల్ల ఒళ్ళో, తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ ముఖం అంత తేటగా ఉండగా చూడలేదు నేను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మిగిలిన రోజులూ ఆమె అలాగే నిద్రపోయింది. బడి దగ్గర దిగి చీర సర్దుకుని నడుస్తుంటే ఆ నడకే వేరు.

వారం చివర సాయంత్రం కొడుకు కారు లెక్క రాసిన కాగితం తీశాడు.

"నువ్వేటంటావమ్మా?"

"నాదేటున్నాది. మీ ఇష్టం."

"అలగ కాదత్తా" అంది కోడలు. "బావ లెక్క రాసాడు, నా నడుం నొప్పి నాను రాసాను. నువ్వూ రాయి. నోటితో సెప్పీసి తప్పించుకోకు."

నా నోటుబుక్కు తెచ్చి ఒళ్ళో పెట్టి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళింది. ఆమె వార్చి, పప్పు తిరగమోత వేసి వచ్చేదాకా రాశాను. ఒకరికి చెప్పడం కోసం నేను రాసిన మొదటి మాటలు అవి. కారులో కోడలు పడుకుంది. కారు కొనండి.

ఆమె నిలబడే చదివింది. చాలాసేపు చూసింది, ఉన్నవి నాలుగైదు మాటలే.

"బస్సు గురించి ఏటీ రాయలేదేటత్తా?"

"ఏటి రాయాల?"

నా చేతిలోంచి పెన్ను తీసుకుని కింద ఒక వరస రాసి, పుస్తకం నాకే ఇచ్చి చదవమంది. వేలు పెట్టి చదివాను. బస్సులో అత్త చదువు.

"బావా, నీ లెక్కలో ఇది ఏ పక్కనేసావు?"

కొడుకు కాగితం మళ్ళీ చూసుకున్నాడు. "సదువు ఇంట్లో సెప్పుకోలేవేటి?"

"ఇంట్లో నాకు గంటెక్కడున్నాది? పొయ్యి, పిల్ల, బట్టలు, రేపటి పాఠం. ఆ బస్సులోనే కదా నా సేతులు కాళీగుండేవి. నువ్వు కారులో మిగిలే టైము లెక్కేసావు. ఆ మిగిలిన టైము ఇంట్లోకొచ్చి పనిలో పడిపోతాది. అత్తకేటి మిగుల్తాది?"

"మరయితే కారొద్దా?"

"ఎవలన్నారొద్దని? పొద్దున్న కారు కావాల. నడుం ఇరిగిపోతంది నాకు. సాయింత్రం ఎర్రగీతల భయం లేదు, పరుగు లేదు. సాయింత్రం బస్సు. నీకూ మంచిదే. ఈ వారం సాయింత్రం రైతులొచ్చి నీ కొట్టు తలుపు సూసి ఎల్లిపోనారు."

వాడు కాగితం మీద ఒక గీత కొట్టి డీజిలు సగం చేశాడు. ఆ లెక్క వాడికీ నచ్చినట్టే ఉంది. "అమ్మా, నాతో ఒక్క మాటనుంటే పోయేది కదా" అన్నాడు.

"దాని నిద్ర ముందర నా సదువేటిరా" అన్నాను.

కోడలు మాత్రం నోటుబుక్కు మళ్ళీ తెరిచి, నేను రాసిన దాంట్లో ఒక దీర్ఘం సరిచేసి, పక్కన బడిపిల్లలకు పెట్టినట్టే టిక్కు పెట్టింది. ఆమెను పొగడాలని నాకు చాలాసార్లు అనిపించింది. నోరు రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇంటిల్లిపాదీ ఒక ఖర్చు లెక్క వేస్తుంటే, ఎవరూ ఖర్చు అనుకోనిది ఒకటి ఉందని కనిపెట్టి, దాన్ని కాగితం మీద పెట్టించింది. తన నొప్పినీ వదులుకోలేదు, నా చదువునీ వదలనివ్వలేదు. ఆ తరువాత ఏడాదిన్నర సాయంత్రం బస్సులోనే నా చదువు సాగింది.

కారు ఖాయమైన మర్నాడు పొద్దున్న నేను ముందు సీట్లో, కొడుకు పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో కోడలూ పిల్లా. ఊరు దాటేసరికి ఇద్దరూ నిద్రలో ఉన్నారు. ఆ దారిలో, గెడ్డ దాటాక, మూతపడిన గోదాము ఒకటి ఉంది. దాని గోడ మీద మనిషంత అక్షరాలు. ఆ గోడ రాజాం వైపు తిరిగి ఉండడం వల్ల వెళ్ళేటప్పుడే కనబడుతుంది, అదీ బస్సులోంచైతే డ్రైవరు పక్కన, మగవాళ్ళ తలల మధ్య నుంచి. అక్కడ బస్సు ఆగదు. ఎనిమిది నెలల్లో నాకు దొరికింది మొదటి మాట ఇచ్చట, చివరి అక్షరం ను. అంతే.

"ఓపాలి ఆపరా" అన్నాను.

నా కోసం ఒక బండి ఆపమని అడగడం నాకు అదే మొదలు. వాడు పక్కకు తీసి ఆపాడు. దిగి, రోడ్డు దాటి, తుప్పల్లో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాను. సున్నం రాలినచోట ఊహించుకున్నాను. ఇచ్చట మంచి ధరకు గోగునార కొనబడును. ఇంకోసారి చదివి, చీర కుచ్చెళ్ళకు అంటిన పల్లేరు కాయలు దులుపుకుని వచ్చి కూర్చున్నాను.

కోడలు కళ్ళు తెరవకుండానే, "ఏటైనాదత్తా?" అంది.

"ఏటీ లేదమ్మా. పడుకో."

"ఏటి రాసున్నాదక్కడ?" అన్నాడు కొడుకు.

"సాయింత్రం బస్సులో మీ ఆవిడికి ఒప్పజెప్పాల. అంతవరకు నీకు సెప్పను. బేగి బండి తియ్యి."