గుసగుస చెప్పిన ధైర్యం

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండలో బీఈడీ చదువుతున్న నాకు మనుషులంతా అర్థమైపోయారన్న నమ్మకం ఉండేది. కారణం మా సైకాలజీ సార్. ‘నేను’ అనేది మనిషి లోపల పుట్టుకతోనే తయారై ఉండదనీ, చుట్టూ ఉన్నవాళ్ళు మనల్ని ఎలా చూస్తే మనల్ని మనం అలాగే అనుకుంటామనీ, తరగతిలో ఆ చూపు టీచరుదేననీ ఆయన చెబుతుంటే కిటికీ బయట లారీ హారన్ కూడా వినిపించేది కాదు. (మేము ఆయన్ని చాటుగా ‘ఆత్మ సార్’ అనేవాళ్ళం.) ఇంటికెళ్ళి బాపుకు ఇదంతా వివరిస్తే, ఇంటి ముందరి కొట్లో సైకిల్‌కు పంక్చర్ వేస్తూనే విని, “నువ్వెవలో నన్నడిగితే నేను చెప్పకపోదునా బిడ్డా? గింత దానికి రోజూ బస్సుల పోవుడెందుకు?” అన్నాడు.

టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను హాలియా దగ్గరి ఒక బడికి వేశారు. ఎనిమిదో తరగతి. అక్కడ ఒక అమ్మాయిని అందరూ ‘గుసగుస’ అనేవారు. ఏమడిగినా పెదవులు కదిలేవి గానీ మాట వినిపించేది కాదు. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకలా అని అడిగాను. “నాది బొంగురు గొంతు టీచర్. గట్టిగ మాట్లాడితే నవ్వుతరు,” అంది. నా ఆనందం చూడాలి! పుస్తకంలోని సిద్ధాంతం రెండు జడలు వేసుకుని నా ఎదుట కూర్చుంది.

“బొంగురు కాదే, చివరి బెంచీ దాంక పోయే గొంతు. టీచర్లకు అసొంటిదే గావాలె. ఎవ్వలు నవ్వరు, చదువు,” అని ఆమె చేత రోజూ పాఠం బయటికి చదివించాను. మొదట పిల్లలు నవ్వనే నవ్వారు. ఆమె ఆగేది, నావైపు చూసేది. నేను తల ఊపేదాన్ని. మళ్ళీ చదివేది. కొన్నాళ్ళకు నవ్వడం వాళ్ళకే విసుగొచ్చింది. ఆమె గొంతు మాత్రం పక్క తరగతి దాకా పెరిగింది. నేను ఒక మనిషిని తయారుచేసేశానని మురిసిపోయాను.

చివరి పాఠం రోజు మార్కులు వేయడానికి ఆత్మ సారే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం ‘ధ్వని’. కొడితే కంపించి మోగే శ్రుతిదండం పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచాను, ధ్వని రాలేదు. సార్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. బీఈడీ, బాపు ఆశలు, నా సిద్ధాంతాలు అన్నీ ఆయన వేసే మార్కుల మీదే ఉన్నాయి.

అప్పుడు లేచింది ఆ పిల్ల, ఎవరూ లేపకుండానే. “టీచర్, ఎవ్వలు నవ్వరు. చెప్పుర్రి,” అంది బడంతా వినేలా.

అంతే, తరగతి మొత్తం ఘొల్లున నవ్వింది. సార్ కూడా నవ్వాడు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే గొంతు వచ్చేసింది. “గొంతు మీద చెయ్యి పెట్టుకొని ఇంకోసారి అనవే,” అన్నాను ఆమెతో. ఆమె అంది, అందరూ తమ గొంతులు పట్టుకుని అరిచారు, కంపనమంటే ఏమిటో వేళ్ళకే తెలిసింది. పాఠం ఎటు పోయిందో గానీ, గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

బయటికొచ్చాక సార్ మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇన్నేండ్ల సంది పిల్లల ఆత్మభావన గురించి చెప్తున్ననమ్మా. టీచర్‌కు గూడ ఒకటి ఉంటదని చెప్పుడే మర్శిపోయిన,” అన్నాడు. అంత చదువుకున్న మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనగలగడం చూసి ఆయన మీద గౌరవం రెట్టింపైంది. ఆ పిల్ల మీదైతే చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు నేను షాద్‌నగర్ వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను. ఏటా బీఈడీ పిల్లలు చార్టులు చుట్టుకుని మా బడికి వస్తారు. వాళ్ళను చూసినప్పుడల్లా, చీర కొంగుకు లెక్కలేనన్ని పిన్నులు గుచ్చుకుని, హాలియా బస్సులో నిలబడి, లోకంలోని పిల్లలందరినీ బాగుచేయడానికి బయలుదేరిన ఒక అమ్మాయి గుర్తొస్తుంది. ఆమెకు ఏమీ తెలియదు. అయినా ఎందుకో, ఆమెకు సీటు ఇవ్వాలనిపిస్తుంది.