బాపు గొంతున్న లాప్‌టాప్

మొన్న మా కాలేజీ లాబ్‌లో ఒక అమ్మాయి సొంత లాప్‌టాప్ తెచ్చుకుని లినక్స్ ఎక్కించుకుంటోంది. తెర మీద ఆ పాత ప్రశ్నే వచ్చింది: ఉన్న విండోస్‌ను ఉండనిచ్చి పక్కన దీన్ని పెట్టాలా, లేక డిస్కు మొత్తం చెరిపేసి పెట్టాలా? ఆ పిల్ల బాణం గుర్తును రెండో దాని మీద ఆనించి, పక్క పిల్లతో కబుర్లాడుతోంది. "చెయ్యి తియ్యి!" అని నేను అరిచిన అరుపుకు జనగామ బజారులో ఆటోలు కూడా ఆగి ఉంటాయి. మేడమ్‌కు బీపీ ఉందని పిల్లలు చెప్పుకుంటారు. బీపీ లేదు. కోపం ఉంది. అది నాకు ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

అప్పుడు నేను హైదరాబాదులో ఎంసీఏ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. సమ్మెతో కాలేజీ మూతపడి, నెల్లికుదురు దగ్గరి మా తండాకు వచ్చేశాను. భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే మా అన్న కూడా సమ్మెలో ఉండి ఇంటికొచ్చాడు, వెంట తన లాప్‌టాప్‌తో. మా ఇంట్లో అదొక్కటే కంప్యూటరు. దానికి అన్న తువ్వాల కప్పి ఉంచేవాడు, చంటిపిల్లకు కప్పినట్టు. నవ్వొచ్చేది కానీ నవ్వేవాళ్ళం కాదు. అందులో మా నాన్న గొంతు, బాపు గొంతు ఉంది. అంతకుముందు ఎండాకాలమే బాపు పోయాడు. బతికుండగా అన్న సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఎద్దుల మీద ఉప్పు మోసుకు తిరిగిన మా తాతల కథలు చెప్పించి ఫోనులో పట్టేవాడు. ఆ ఫోను తర్వాత వ్యవసాయ బావిలో పడింది. మిగిలింది లాప్‌టాప్‌లో దింపుకున్నవే. మా ఇంటి భాషకు లిపి లేదు. బాపు చెప్పినదాన్ని రాసి దాచుకునే దారి లేదు. గొంతు ఉంటేనే మాట ఉన్నట్టు.

కాలేజీ తెరవగానే ప్రాజెక్టు లినక్స్ మీద నడిపి చూపించాలని మా లెక్చరర్ ముందే చెప్పి ఉన్నారు. "విండోస్ పక్కకే దీన్ని గూడ పెడ్తరు అన్నా, మనయి ఎక్కడియి అక్కడనే ఉంటయి" అని అన్నను బతిమాలాను. అన్న తువ్వాలతో సహా నా చేతిలో పెట్టి, "పైలం" అని జాగ్రత్త చెప్పాడు. అంతే.

మానుకోటలో మా అక్క, బావ ఉండేవాళ్ళు. బావ వెంటరాగా అక్కడి ఒక కంప్యూటర్ షాపుకు పోయాను. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఆ షాపతని దగ్గరే ఉంది. అడిగితే ఇవ్వడు, మనల్ని ముట్టుకోనివ్వడు, తానే చేయాలి. అతను మన జిల్లావాడే. కానీ హైదరాబాదులో కోర్సు చేసి వచ్చాక సినిమాల్లో హీరోల్లా మాట్లాడటం నేర్చాడు. "ఉన్నదాన్ల ఏం పోవద్దు, గదాని పక్కకే జాగ చేసి పెట్టాలె" అని చెప్పాను. నేను ఎంసీఏ చదువుతున్నానని బావ ముందే చెప్పి ఉన్నాడు. అతను నన్ను చూడకుండా బావను చూసి నవ్వాడు. "గదాని పక్కకా? ఈవిడ ఎంసీఏనా అండీ?" అన్నాడు. మా బావ మంచివాడు. అంటే ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. "ఆమె చెప్పేది జర ఇనున్రి" అని ఫ్యాన్‌కేసి చూస్తూ అన్నాడు.

"ముందు డిస్కును విడగొట్టాలె" అన్నాను మళ్ళీ. "విభజన అంటే చాలు, మీకు హుషారొచ్చేస్తుంది" అని తన జోకుకు తానే నవ్వుకుంటూ, నవ్వుతూనే మౌస్ నొక్కాడు. తెర మీద డిస్కు బొమ్మ మొత్తం ఒకే రంగుకు మారింది. పక్కన అని నేను చెప్పిన పక్కే లేదు. చెరిపేసే దానిమీద నొక్కాడని నాకు అర్థమయ్యేసరికి పని మొదలైపోయింది. అతని చేతిమీద నుంచే చెయ్యి చాపి పవర్ బటన్ నొక్కి పట్టాను, తెర నల్లబడే దాకా. "అలా ఆపితే మిషన్ పాడైపోద్దమ్మా!" అని అతను లేచాడు. లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాను, పెన్‌డ్రైవ్ దానికే ఉండగా. "అందులో ముఖ్యమైనవి ఉంటే ముందే చెప్పాలి" అన్నాడు వెనకనుంచి. చెప్పాను. చెప్పింది తెలుగే. అతనికి అది తెలుగులా వినపడలేదు, అంతే.

బావ ఫోను చేస్తే అన్న తండా నుంచి అక్క ఇంటికి వచ్చాడు. నన్నేమైనా అంటే బాగుండేది. గోడకానుకుని కూర్చుని, మా భాషలో ఒక్కటే అడిగాడు. "బాపు ఉన్నడా, పోయిండా?" చెరిపేసినా, దాని మీద కొత్తది రాయనంత వరకు పాతది లోపల ఉంటుందని నాకు తెలుసు. ఎంత రాసేసిందో మాత్రం తెలియదు. ఫ్యాన్‌కేసి చూసిన మా బావే మర్నాడు ఊరంతా తిరిగి, తెలిసినవాళ్ళ దగ్గరినుంచి ఖాళీ హార్డ్‌డిస్కు, పోయినవి వెతికి తీసే ప్రోగ్రాము పట్టుకొచ్చాడు. షాపతని పెన్‌డ్రైవ్‌తోనే లాప్‌టాప్ తెరిచి, లోపలి డిస్కు మీద ఒక్క ముక్క కూడా రాయకుండా వెతకడానికి పెట్టాను. కరెంటు పోతూ వస్తూ ఉంటే అక్క దేవుళ్ళందరినీ వరసగా తిట్టింది.

ఫైళ్ళు దొరికాయి. పేర్లు పోయి ఒట్టి అంకెలు మిగిలాయి. ఏది ఏదో వింటే తప్ప తెలియదు. అన్న, నేను పక్కపక్కన కూర్చుని విన్నాం: సంఘం మీటింగుల ఉపన్యాసాలు, పెళ్ళి బ్యాండు, మేకల అరుపులు. ఆ తర్వాత ఉన్నట్టుండి బాపు, "తినేటప్పుడు గూడ ఫోన్ల పడ్తవారా? బంజేయ్ దాన్ని!" అని కసిరాడు. మా అన్న ముఖం తువ్వాలలో దాచుకున్నాడు. చాలామటుకు వచ్చాయి. కరువులో ముత్తాత తన ఎద్దుల మందతో గోదావరి దాటబోయిన కథ మాత్రం సగంలో తెగిపోయింది. కాళేశ్వరం దగ్గర మంద నీళ్ళలో దిగుతుంది. అంతే, గరగరమని చప్పుడు.

పెన్‌డ్రైవ్ తిరిగివ్వడానికి ఒక్కదాన్నే పోయాను. దాన్ని బల్ల మీద పెట్టి, షాపు నిండా జనం ఉండగా, అతను చేసిందేమిటో మొదటినుంచి చివరిదాకా మా తండా భాషలో చెప్పాను. ఆ ఊళ్ళో నేను ఆ భాషలో గొంతెత్తడం అదే మొదలు. అతను బిక్కచచ్చి "సరేనమ్మా, సరే" అన్నాడు. "ఏం సమజైంది నీకు?" అన్నాను. పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. "సమజ్ గాకున్నా సరే అంటున్నవు. ఆనాడు గూడ గంతే. నా మాట ఇననేలే, మౌస్ వత్తినవు" అని వచ్చేశాను. లినక్స్ తర్వాత నేనే ఎక్కించుకున్నాను, విండోస్ పక్కనే, ఏదీ పోకుండా. కష్టమేమీ కాదు. అడిగింది చదివి జవాబు చెప్పాలి.

రాష్ట్రం వచ్చింది. ఆ షాపతను ఇప్పుడు గిట్ల, గట్ల అని నోరారా మాట్లాడుతున్నాడని బావ చెప్పాడు. మాట్లాడనీ. నాకేం చల్లారలేదు. తెగిన కథ అడుగుదామని ఆ తర్వాత తండాలో ముసలివాళ్ళ దగ్గరికి పోతూ వచ్చాం. ఒకాయన మంద దాటిందన్నాడు. ఒకామె సగం కొట్టుకుపోయిందంది. పూర్తిగా తెలిసిన పెద్దమ్మ మేం పోయేసరికే మంచం పట్టి మనిషిని గుర్తుపట్టడం మానేసింది. రోజులు గడిస్తే కోపం అదే పోతుందంటారు. నా వరకు గడిచిన రోజులు కోపాన్ని ముట్టుకోలేదు, ఆ కథ తెలిసినవాళ్ళనే ఒక్కొక్కరిని తీసుకుపోయాయి.