రెండో భాగం మీద అనుమానం

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయనకు ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. పాల ప్యాకెట్ మీది తేదీని కూడా వెలుతురుకు పట్టి చూస్తాడు. రాజులూ మాంత్రికులూ ఉన్న ఒక మహాగాథ మొదటి భాగాన్ని ఆరుసార్లు చదివాడు. తొమ్మిదేళ్లకు రెండోది వస్తే మాత్రం కొనలేదు. అది చెడితే మొదటిదీ చేదవుతుందని భయం. భోజనాల వేళ ఫోన్‌లో పాఠకుల అభిప్రాయాలు చదివేవాడు. ఆయన లెక్కలో మెచ్చుకున్నవాళ్లంతా రచయిత చుట్టాలు, తిట్టినవాళ్లు అసలు చదవనివాళ్లు. ఒకరోజు ఎవరో మారుపేరుతో, "గుడ్డి రాణి కోట తలుపు తీసేచోట ఏడ్చేశాను" అని రాశారు. "నువ్వు రచయిత మనిషివి, ఏడుపు అబద్ధం" అని తన పేరుతోనే జవాబు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య పలకలేదు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే, "నేను రచయిత మనిషిని కదా, నాతో మాటలెందుకు?" అంది.

ఆయన నోరు తెరిచాడు. తను ఆ కథ చెబుతుంటే రోజూ ఆవలించిన మనిషి! "నువ్వా? మొదటిది ఎప్పుడు చదివావు?"

"మీరు దుకాణానికి వెళ్లాక. చెబితే పరీక్ష పెడతారుగా!"

బీరువాలోంచి కొత్త పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఆయన పేజీలు తిరగేశాడు. చివరిదాకా నలిగే ఉన్నాయి.

"నిజం చెప్పు, బాగుందా?"

"బాగుంది. మీకిష్టమైన సేనాపతి మాత్రం బతకడండీ."

ఆ మాట ఆయన వెంటనే నమ్మాడు. సొంత మనిషి పోయినట్టు ముఖం తిప్పుకున్నాడు.